మంట చూడని నూనె

మా నాన్న గ్యాస్ పొయ్యి నాబ్‌లు పీకి ప్యాంటు జేబులో వేసుకుని షాపుకి వెళ్ళిపోయాడు. అత్త పొయ్యి వెలిగించకూడదన్నది ఆయన ఉద్దేశం. నాబ్‌లు లేకపోతే అమ్మ కూడా వెలిగించలేదన్న సంగతి ఆ పెద్దమనిషికి తట్టలేదు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టంటారే, అచ్చం అదే. అమ్మ కూరగాయలు తరిగి, పొయ్యి ముందు నిలబడి, ఖాళీ కాడలు చూసి, ఫోన్ తీసింది.

"మీ అక్కని ఆపడానికి నా పొయ్యి ఆపారా? మధ్యాహ్నం ఆ నాబ్‌లే నంజుకు తినండి!" అని పెట్టేసింది.

మా నాన్నది కళ్ళజోళ్ళ షాపు. పగలంతా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేస్తాడు. ఇంట్లో తన ముక్కు కిందున్నది ఆయనకు కనపడదు.

అత్త అప్పుడు ఏం చేసిందో చెప్పాలి. సామాన్ల పెట్టెలోంచి కటింగ్ ప్లయర్ తెచ్చింది. పొయ్యి కాడని దానితో పట్టుకుని తిప్పి, లైటర్ నొక్కింది. మంట భగ్గుమంది.

"ఇదిగో అమ్మాయ్, నీ పొయ్యి వెలిగింది. వండుకో," అని ప్లయర్ అమ్మ చేతికిచ్చి, వెనక్కి చూడకుండా తన గదిలోకి వెళ్ళిపోయింది. మూకుడు వంక కూడా చూడలేదు. తను వెలిగించలేక కాదు, ఒకరు వద్దన్న పొయ్యిని దొంగతనంగా వాడుకునే మనిషి కాదని చెప్పడానికన్నమాట.

అత్త అంటే మా నాన్న అక్క. సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరైంది. తల మీద తలగా జనం ఉన్న బస్సులో చివరి సీటు దాకా వినపడేలా మాట్లాడటం అలవాటైన గొంతు. అది మా ఇంటి గదుల్లో పట్టేది కాదు. గుసగుసలాడినా పక్కింటివాళ్ళు ఊఁ కొట్టేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా దీర్ఘాలు తీస్తే, "ఖాళీ లేదు, వెనక బస్సులో రండి," అనేది. నాన్న చదువుకుంటున్నప్పటి నుంచీ ఆ అక్కాతమ్ముళ్ళది ఒకే ఇల్లు. అమ్మ పెళ్ళై అడుగుపెట్టింది ఆ ఇంట్లోనే. ఆడపడుచు పెత్తనం చేస్తుందేమోనని భయపడుతూ వచ్చిందట. వచ్చిన మర్నాడే అత్త, "వారంలో ఒక రోజు వంట నాది. ఆ రోజు నువ్వు వంటింట్లోకి వస్తే ఊరుకోను," అంటే, అమ్మ ఆ పెత్తనానికి ఆనందంగా ఒప్పుకుంది.

ఆ ఒక్క రోజూ అత్త వండేది చైనా పద్ధతి వంట.

అది ఆమెకు అంటుకున్న చోటు బస్సు రూటు చివరి స్టాపు. బస్సు వెనక్కి తిప్పేలోపు డ్రైవర్ టీ తాగేవాడు. ఈవిడ టికెట్ల సంచి భుజాన వేసుకుని, ఎదురుగా ఉన్న చిన్న చైనీస్ హోటల్ ముందు నిలబడేది. వీధిలోకి తెరిచి ఉన్న వంటిల్లు, ఒకటే పెద్ద ఇనప మూకుడు, దాని వెనక చెమటలు కక్కుతూ ఒక మాస్టరు. డీజిల్ పొగ, జనం చెమట పీల్చి పీల్చి మొద్దుబారిన తన ముక్కును ఆ మూకుట్లోంచి వచ్చిన వాసన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిందని చెప్పేది.

"ఏంటి మాస్టారూ, చివర్లో ఏదో పోశారు?" అని అడిగిందట.

"నువ్వుల నూనె."

"నువ్వుల నూనె మాకు తెలీదా? దానికి ఈ వాసనెక్కడిది?"

"నువ్వుల్ని ఎర్రగా వేయించి తీసిన నూనె, మేడమ్. మీ ఇంట్లో ఉండేది తెల్లనూనె. ఇది చూడండి, ఎంత నల్లగా ఉందో."

అత్త ఆ రోజే ఒక సీసా కొనుక్కొచ్చింది. ఇప్పుడు అసలు కథ. మనకి నూనె అంటే మూకుట్లో మొట్టమొదట పడేది. ముందు నూనె కాగాలి, ఆ తర్వాతే ఏదైనా. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నది అదే కాబట్టి అత్త కూడా ఆ నల్లనూనెను మూకుట్లో ధారాళంగా గుమ్మరించి, మంట పెంచి, కాగనిచ్చింది. ఇల్లంతా పొగ. క్యాబేజీ కటిక చేదు. నాన్న అప్పటికి కాలేజీ కుర్రాడు. ఒక ముద్ద తిని, "అక్కా, రోడ్లు వేసేవాళ్ళనడుగు, వాళ్ళకి పనికొస్తుందేమో," అన్నాడట.

మర్నాడు అత్త డ్యూటీ మధ్యలో హోటల్ మీదికి యుద్ధానికి వెళ్ళింది. సంగతి వినేసరికి మాస్టరు గరిటె కింద పెట్టి మరీ నవ్వాడట.

"మంట మీద కాచారా? అది మంట చూడకూడదమ్మా! వంటంతా మామూలు నూనెలో చేసుకోండి. పొయ్యి ఆపేశాక, దించే ముందు నాలుగు చుక్కలు చాలు. ఆ వేడికే వాసన లేస్తుంది. మంట మీద పెట్టి కాల్చారో, మొండికేస్తుంది."

"నాలాగే," అంది అత్త.

అప్పటి నుంచి ఆ నూనెకూ మా అత్తకూ మంచి స్నేహం. ఆమె వంటలో ఆర్భాటం ఉండేది కాదు. నిన్నటి అన్నం, గుడ్లు, ఉల్లికాడలు ఉంటే చాలు, చేతిలో మూకుడు ఎగిరేది. నీళ్ళు మరుగుతుండగా గిలక్కొట్టిన గుడ్డును సన్నటి ధారగా పోసి సూపు చేసేది. గుడ్డు దారాలు దారాలుగా తేలేది. నాకు జ్వరమొస్తే, గుడ్డులో గోరువెచ్చటి నీళ్ళు కలిపి, వడగట్టి, మూతపెట్టి ఆవిరి మీద ఉడికించేది. గిన్నె కదిపితే వణికేది అది. దాని మీద ఒక్క చెంచా సోయా సాసు. ఇక ఏం చేసినా ఆఖర్న పొయ్యి కట్టేసి, నల్లసీసా వంచి, చుక్కలు రాల్చి, మూత పెట్టేసేది. మూత తీసేటప్పుడు మేమంతా చుట్టూ ఉండాలి. ఆ వాసన పీల్చకుండా కూర్చున్నవాడికి ఆ పూట వడ్డన ఆలస్యం.

అలాంటి మనిషికి ముక్కు పోయింది.

ఏదో జ్వరమొచ్చింది, తగ్గింది. జ్వరంతో పాటు వాసనలూ పోయాయి. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. "జలుబు" అంది. జలుబు నెలలు నెలలు ఉండదన్న అనుమానం మాకు రాలేదు, ఎందుకంటే ముక్కు మీద కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. వారం వారం వండటం తగ్గించింది. అడిగితే, "ఓపిక లేదు," అంది. ఓపిక లేకపోవడమన్నది ఆ నోట వినగానే మాకు అర్థం కావలసింది.

బయటపడిన రోజు ఇలా జరిగింది. సూపుకి నీళ్ళు పెట్టి, బల్ల దగ్గర పొయ్యికి వీపు పెట్టి కూర్చుని వెల్లుల్లి వొలుస్తోంది. నీళ్ళు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ వస్తూనే ఉంది. బజారు నుంచి వచ్చిన అమ్మకి గుమ్మంలోనే గుప్పుమంది. సంచీ అక్కడే పడేసి పరిగెత్తి పొయ్యి కట్టేసి, కిటికీలు తెరిచి, అత్తను రెక్క పట్టుకుని బాల్కనీలోకి లాక్కెళ్ళింది.

"ఏంటమ్మాయ్, ఏమైంది?" అంది అత్త, చేతిలో వెల్లుల్లి అలాగే ఉంది.

"గ్యాస్, వదినగారూ! ఇల్లంతా గ్యాస్! మీకు వాసన రాలేదా?"

అత్త చేతిలోని వెల్లుల్లిని ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చి, తల అడ్డంగా ఊపింది.

నాబ్‌లు నాన్న జేబులోకి వెళ్ళింది ఆ మర్నాడే. నాన్న భయం అబద్ధమని నేననను. అమ్మ ఇంకాస్త ఆలస్యంగా వచ్చుంటే ఏమయ్యేదో నాకూ తెలుసు. కానీ భయం ఒకటి, దాని పేరుతో పెద్దదాన్ని పసిపిల్లను చేయడం ఇంకొకటి. అమ్మ ఫోన్‌తో మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చి నాబ్‌లు అమ్మకిచ్చాడు. ప్లయర్ సంగతి విని దాన్ని షాపుకి పట్టుకుపోయాడు.

"వంట అయ్యాక పీకి నీ బీరువాలో పెట్టు," అని అమ్మకు హుకుం.

"నాకీ జైలరు ఉద్యోగం ఏంటండీ?" అంది అమ్మ.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. అక్కకి ఏం తక్కువ? వేళకి నువ్వు పెడతావు, హాయిగా తింటుంది."

ఆ 'హాయిగా' అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. అత్త మాత్రం పెట్టింది తింది. చెయ్యి కడుక్కుంది. గదిలోకి వెళ్ళింది. రోజూ అంతే. ఆవిడ గొంతు గది దాటి రావడం మానేసింది. పక్కింటావిడ ఒక రోజు తలుపు తట్టి, "మీ అత్త ఊళ్ళో లేదా?" అని నన్నడిగింది.

నేను అత్త మంచం మీద కూర్చుని, "నాన్నతో పోట్లాడవేం?" అన్నాను.

"ఏమని పోట్లాడనే? వాడు చెప్పింది నిజమేగా, నాకు వాసన రాదు. కానీ విను. నా గిన్నె నేను దించుకోలేని రోజున ఈ ఇంట్లో నేను చుట్టాన్ని. చుట్టానికి మర్యాదలు బాగానే చేస్తారు. ఎప్పుడు వెళ్తుందా అని కూడా చూస్తారు."

"మేమెవరం అలా చూడం."

"మీరు చూడరు. నేను చూస్తాను," అంది అత్త.

నాలుగు వారాలు ఇలా గడిచాక, ఒక ఆదివారం పొద్దున్నే అత్త గొంతు మళ్ళీ ఇల్లంతా వినపడింది.

"ఇవాళ వంట నాది!"

నాన్న పేపర్ దించాడు. "అక్కా, మళ్ళీ మొదలెట్టకు. నాబ్‌లు..."

"నీ నాబ్‌లు నువ్వే దాచుకోరా. నాకు నిప్పక్కర్లేదు. నేను వండేదానికి మంట చూడని నూనె చాలు."

భోజనాల బల్ల మీదే దుకాణం పెట్టింది. కరెంటు కెటిల్‌లో నీళ్ళు మరిగించి, సన్న నూడుల్స్ ఉన్న గిన్నెలో పోసి పళ్ళెం మూసింది. దోసకాయల్ని కత్తి పక్కకి తిప్పి, దాని బల్లపరుపు వైపుతో దభీ దభీమని బాదింది. ఆ దెబ్బలు దోసకాయలకేనా అన్న అనుమానం నాన్న మొహంలో కనిపించింది. పగిలిన ముక్కలకి ఉప్పు పట్టించి నీరు పిండింది. వెల్లుల్లి దంచింది. వెనిగరు, సోయా సాసు, చిటికెడు పంచదార. నూడుల్స్ ఉడికాయో లేదో ఒక పోగు కొరికి చూసి, జల్లెడలో వంచి, చన్నీళ్ళతో కడిగింది. అన్నీ కలిపి, అలమర వెనక నుంచి నల్లసీసా తీసి, మూత తిప్పి, మా మీద కోపమంతా తీరేట్టు వంపింది. నాలుగు చుక్కలు కావవి, నాలుగు వారాల కసి.

నలుగురం కూర్చున్నాం. నేను మొదటి పోగు నోట్లో పెట్టుకున్నాను.

నూనె పాడైపోయింది. అత్త జ్వరానికి ముందెప్పుడో తెరిచిన సీసా. పొయ్యి సెగ తగిలే అలమరలో, సరిగా బిగించని మూతతో పడి ఉంది. పాత రంగుడబ్బా లాంటి వాసన, గొంతు వెనక చేదు. మింగలేక కక్కలేక నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను. అమ్మ నమలకుండా మింగేసింది. నాన్న మాత్రం నమిలాడు. నమిలి, మింగి, "బాగుందక్కా," అన్నాడు.

"చాలా బాగుంది వదినగారూ," అంది అమ్మ.

అత్త తనూ తింటోంది. ఉప్పూ పులుపూ నాలుక చెప్తుంది, అవి సరిగ్గానే ఉన్నాయి. మిగతాది చెప్పాల్సిన ముక్కు లేదు. నాన్న రెండో ముద్ద తీసుకున్నాడు. అత్త చెయ్యి ఆగింది. ముగ్గురి మొహాలూ వరసగా చూసింది. జీవితమంతా జనం మొహాలు చూసి టికెట్ తీసినవాడెవడో, తీయకుండా కిటికీలోంచి బయటకి చూస్తున్నవాడెవడో కనిపెట్టిన కళ్ళు అవి.

"ఏమే, నువ్వు చెప్పు," అంది నాతో.

నాన్న వద్దన్నట్టు కొంచెంగా తలూపాడు. అది అత్త చూడనే చూసింది.

"వాడిని చూడకు. నన్ను చూసి చెప్పు."

"నూనె పాడైపోయింది అత్తా," అన్నాను.

నాన్న నా వైపు చూసిన చూపుకి అర్థం, నీకు బుద్ధుందా అని. తర్వాత అక్క వైపు తిరిగి మెల్లిగా, "చెప్తే బాధపడతావని..." అన్నాడు.

"పడతాను! పడనివ్వరా! బాధపడటం కూడా రాదనుకున్నావా నాకు?" అత్త లేచి నిలబడింది. గొంతు మామూలు బస్సు గొంతు. "నాకు వాసన రాదని నా పొయ్యి పీకేశావు. చచ్చిపోతానని భయమన్నావు. నోరు మూసుకున్నాను. మరిప్పుడు? పాడైన నూనె నేను గిన్నెడు కలుపుకుని తింటుంటే ఎదురుగా కూర్చుని బాగుందంటావా? నా ముక్కు పోయింది, సరే. మీ ముక్కులు ఏం చేస్తున్నాయి?"

నాన్న చేతిలోని ముద్ద గిన్నెలో వదిలేశాడు.

"గ్యాస్ వల్ల చావనురా నేను. గ్యాస్ వస్తే మీరు కేకేస్తారు, నేను కట్టేస్తాను. మీరు ఇలా బాగుంది బాగుంది అంటూ ఉంటే మాత్రం నిజంగా చస్తాను. ఎందులో ఏముందో తెలీకుండా, మీ జాలి తింటూ చస్తాను. అది నాకొద్దు."

అత్త కూర్చోలేదు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు నాన్న లేచాడు. అక్క ముందున్న గిన్నె తీసుకున్నాడు, తన గిన్నె తీసుకున్నాడు, మా గిన్నెలు కూడా తీసుకెళ్ళి అన్నీ చెత్తబుట్టలో వంపేశాడు. ఆయన అంత పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. వెనక్కి వచ్చి అమ్మ ముందు చెయ్యి చాపాడు.

"నాబ్‌లివ్వు."

అమ్మ బీరువా తెరిచి తెచ్చేలోపు నన్ను కొత్త సీసా కోసం వీధిలోకి తరిమాడు. నేను తిరిగొచ్చేసరికి నాబ్‌లు పొయ్యికి ఉన్నాయి. అత్త వంటింటి మధ్యలో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి షరతులు చదువుతోంది.

"ఈ గదిలో ఒక ముక్కు లేకుండా నేను పొయ్యి వెలిగించను. అది నా మాట. ఆ ముక్కు పొయ్యి మీద చెయ్యి వెయ్యకూడదు, నాకు సలహాలు చెప్పకూడదు. వచ్చే వాసన ఏదో ఉన్నదున్నట్టు చెప్పాలి. అది మీ మాట. ఇవాళ ముక్కు డ్యూటీ నీదిరా."

"సరే," అన్నాడు నాన్న. గుమ్మం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

అత్త మూకుడు పెట్టింది. మామూలు నూనె పోసింది. వెల్లుల్లి వేసింది.

"ఊఁ?"

"పచ్చివాసన. ఇంకా పచ్చిగానే ఉంది... పోతోంది... కమ్మగా వస్తోంది... అక్కా, మాడబోతోంది!"

"అరవకురా, చెవులు బాగానే పనిచేస్తున్నాయి," అంటూ మంట తగ్గించి గుడ్డు కొట్టింది. నిన్నటి అన్నం పడింది. గరిటె టకటకలాడింది. మూకుడు ఎగిరింది, ఒక్క మెతుకు కింద పడలేదు. ఉల్లికాడలు చల్లి పొయ్యి కట్టేసింది. నాన్న మెడ చాచి నాబ్ పూర్తిగా తిరిగిందో లేదో చూడబోయి, తమాయించుకున్నాడు. అత్త కొత్త సీసా మూత తీసి, ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు రాల్చి, మూత పెట్టి, కాసేపాగి తీసింది.

"రా. చెప్పు."

నాన్న లేచి మూకుడు మీదికి వంగాడు. ఆవిరికి కళ్ళజోడు మసకేసింది. అది తీసి మళ్ళీ వంగాడు.

"బాగుంది," అన్నాడు.

"ఆ మాట ఈ వంటింట్లో ఇక చెల్లదు. ఏముందో చెప్పు."

నాన్న ఈసారి కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చాడు. కళ్ళు తెరిచి అక్క మొహంలోకి చూశాడు. అబద్ధం చెప్పడానికి ఎంత సులువైన చోటో నాకు తెలుస్తూనే ఉంది, ఆయనకూ తెలుస్తోంది.

"నూనె సరిపోలేదక్కా," అన్నాడు.

అత్త కనురెప్ప వాల్చకుండా తమ్ముడినే చూస్తూ సీసా మళ్ళీ వంచింది.

"ఇప్పుడు?"

"ఇంకొక్క చుక్క."

"ఇప్పుడు?"

"ఆఁ. వచ్చింది."

"అదేదో ముందే చెప్పి ఏడవొచ్చుగా," అంది అత్త.

అమ్మ అలవాటుగా పళ్ళాలు తీయడానికి లేచింది. అత్త గరిటెతో ఆమెను ఆపి, పక్కింటికి కూడా వినపడే గొంతుతో, "కూర్చో అమ్మాయ్! అందరూ కూర్చోండి. నా ఇంట్లో నేను వడ్డిస్తాను," అంది.

మేం కూర్చున్నాం.